తెలుగు నేల మీది ఆకాశానికి తగిన టెలిస్కోపును ఎంచుకోవడం ఎలా

టెలిస్కోపు కొనాలనుకున్నవారికి ఇంటర్నెట్టులో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం 40 నుంచి 55 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య నివసించేవారు తమ ఆకాశాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. హైదరాబాదు 17.4 డిగ్రీల మీద, విశాఖపట్నం 17.7 మీద, విజయవాడ 16.5 మీద, తిరుపతి 13.6 మీద ఉన్నాయి. ధ్రువ నక్షత్రం ఏ ఊరికైనా దాని అక్షాంశమంత ఎత్తునే ఉంటుంది, అందువల్ల మనకు అది దిగంతానికి దగ్గరగా, చాలాసార్లు పక్కింటి నీళ్ల ట్యాంకు వెనుక ఉంటుంది. గ్రహాలు నడినెత్తికి దగ్గరగా నడుస్తాయి. ఐరోపావారికి ఎన్నటికీ కనిపించని దక్షిణాకాశం మనకు చాలావరకు కనిపిస్తుంది. ఏ రకం గొట్టం కొనాలి, దాన్ని దేని మీద నిలబెట్టాలి, ఎక్కడ పెట్టి చూడాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఈ తేడాలను బట్టి మారతాయి. ఈ వ్యాసం డాబా మీదనో, ఊరి బయట పొలం గట్టు మీదనో నిలబడి కంటితో చూడాలనుకునేవారి కోసం రాసినది. ఫోటోలు తీయడం వేరే విద్య, దాని ఖర్చూ వేరే.

1. ముందుగా చూసే చోటును పరిశీలించండి

కొనడానికి ముందు కొన్నాళ్ల పాటు రాత్రి భోజనాలయ్యాక డాబా మీదికి వెళ్లి, ఏ దిక్కున ఎంత ఆకాశం తెరపిగా ఉందో, ఏ వీధి దీపం నేరుగా కళ్లలో పడుతోందో, పిట్టగోడ ఎంత ఎత్తు వరకు అడ్డం వస్తోందో ఒక కాగితం మీద గీసుకోవాలి. గోడ వెనుక దాగిపోయేటంత పొట్టి టెలిస్కోపు కొన్నవారికి కింద స్టూలో బల్లో అవసరమవుతుంది కాబట్టి పిట్టగోడ ఎత్తును టేపుతో కొలుచుకోవడం కూడా మంచిదే.

తరువాత మెట్లు. చెక్క పీట మీద తిరిగే దర్పణపు టెలిస్కోపును డాబ్సోనియన్ అంటారు. 8 అంగుళాల దర్పణం ఉన్నదాని గొట్టమూ, కింది పీటా కలిపి సుమారు 25 కిలోలు తూగుతాయి. సొంత ఇంట్లో ఒక అంతస్తు ఎక్కించడం కష్టం కాదు. లిఫ్టు చివరి అంతస్తు దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి ఇరుకైన ఇనుప మెట్లెక్కవలసిన అపార్ట్‌మెంటులో అయితే ఆ బరువును మొదటి నెల ఉత్సాహంగా మోస్తారు, మూడో నెల నుంచి గదిలో మూలన వదిలేస్తారు. బాల్కనీ నుంచే చూస్తామనేవారు మరో విషయం గమనించాలి. మన అక్షాంశంలో గ్రహాలు ఎత్తుగా నడుస్తాయి కాబట్టి, అవి బాగా కనిపించే వేళకు పై అంతస్తు శ్లాబు అడ్డం వస్తుంది. బాల్కనీలోంచి వాటిని ఉదయించిన కొద్ది గంటలు గానీ, అస్తమించే ముందు గానీ మాత్రమే చూడగలరు.

నగరపు వెలుగు గురించి అతిగా భయపడనక్కరలేదు. చంద్రుడికీ, గ్రహాలకూ, జంట నక్షత్రాలకూ దానివల్ల పెద్దగా నష్టం లేదు. నెబ్యులాలు (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలు), గెలాక్సీలు మాత్రం అమీర్‌పేట డాబా మీద ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా సరిగా కనిపించవు. వాటి కోసం అనంతపురం మెట్ట ప్రాంతాలకో, హార్సిలీ కొండలకో, నల్లమల అంచు ఊళ్లకో వెళ్లాలి. నల్లమలలో రాత్రిపూట రాకపోకలపై ఆంక్షలుంటాయి కాబట్టి చీకటి పడక ముందే చేరుకోవాలి. అలా వెళ్లే ఉద్దేశం ఉన్నవారు గొట్టం కారు వెనుక సీటులో పడుతుందో లేదో కొలిచి చూసుకోవాలి. 6 అంగుళాల, 8 అంగుళాల డాబ్సోనియన్ గొట్టాలు రెండూ దాదాపు నాలుగడుగుల పొడవుంటాయి.

2. ఏమి చూడాలనుకుంటున్నారో తేల్చుకోండి

ఆకాశంలో కృత్తికలు ఎక్కడున్నాయో, రోహిణి ఏదో ఇంకా గుర్తుపట్టలేనివారు టెలిస్కోపుకు ముందు 10×50 బైనాక్యులరుతో ఒక శీతకాలం గడపడం మేలు. గురుడి నాలుగు పెద్ద చంద్రులను చేయి కదలకుండా ఆనించి పట్టుకుంటే అందులోనే చూడవచ్చు. టెలిస్కోపు కొన్నాక కూడా ఆ బైనాక్యులరు వృథా కాదు.

టెలిస్కోపులో కనిపించేది ఫోటోలాగా ఉండదని ముందే తెలుసుకోవాలి. చంద్రుడు మాత్రం ఏ పరికరంలోనైనా ఆశ్చర్యపరుస్తాడు, అది కూడా పౌర్ణమి నాడు కంటే సప్తమి, అష్టమి నాడు ఎక్కువ. వెలుగు నీడల సరిహద్దు దగ్గర బిలాల అంచులు అప్పుడు స్పష్టంగా లేచి కనిపిస్తాయి. శని వలయం 30 రెట్ల ఆవర్ధనానికే, అంటే 30 రెట్లు పెద్దదిగా చూపిస్తేనే, విడిగా తెలుస్తుంది. 2025 మార్చిలో ఆ వలయాలు మన వైపు అంచుకు తిరిగి సన్నని గీతలా మారాయి. అప్పటి నుంచి అవి మళ్లీ తెరుచుకుంటున్నాయి కాబట్టి రాబోయే కొన్నేళ్లలో దృశ్యం క్రమంగా మెరుగుపడుతుంది. గెలాక్సీలన్నీ బూడిదరంగు మసకలే. అంత తక్కువ వెలుతురులో కంటికి రంగులు తెలియవు.

గ్రహాల విషయంలో మన స్థానం నిజంగా అదృష్టమే. 2018లో శని ధనుస్సు రాశిలో ఉన్నప్పుడు లండన్‌లో దిగంతం నుంచి 16 డిగ్రీలకు మించి ఎత్తుకు రాలేదు, హైదరాబాదులో 50 డిగ్రీలకు చేరింది. గురుడు మిథున రాశి నక్షత్రాల మధ్య ఉన్న కాలంలో మనకు 80 డిగ్రీలు దాటి దాదాపు నడినెత్తికే వస్తాడు. గ్రహం ఎంత ఎత్తుగా ఉంటే దాని వెలుగు అంత తక్కువ మందం గల గాలిలోంచి వస్తుంది, బింబం అంత నిలకడగా ఉంటుంది. అందుకే ఇక్కడివారు మొదటి టెలిస్కోపును గ్రహాలకు అనుకూలంగా ఉండేలా ఎంచుకుంటే పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలం దక్కుతుందని నా అభిప్రాయం.

దక్షిణాన ఒమేగా సెంటారీ అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం ఉంది. ఆకాశంలో ఆ జాతికి చెందినవాటన్నిటిలో అదే ప్రకాశవంతమైనది. లండన్ నుంచి అసలే కనిపించదు. హైదరాబాదులో మే నెల మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో దక్షిణ దిగంతానికి 25 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మీ డాబాకు దక్షిణం వైపు తెరపి ఉంటే దాన్ని ఆస్తిగా లెక్కవేసుకోండి.

3. పెట్టె మీది అంకెలను చదవడం నేర్చుకోండి

టెలిస్కోపు శక్తిని నిర్ణయించేది దాని ప్రధాన కటకం లేదా దర్పణం వ్యాసం. దీన్నే అపర్చరు అంటారు. పోగయ్యే వెలుగు వ్యాసానికి వర్గ అనుపాతంలో ఉంటుంది. చీకటిలో బాగా తెరుచుకున్న కంటిపాప వ్యాసం 7 మిల్లీమీటర్లనుకుంటే, 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు కంటికి 100 రెట్లు, 150 మిల్లీమీటర్లది సుమారు 460 రెట్లు వెలుగును పోగు చేస్తుంది. సూక్ష్మ వివరాలను విడదీసే శక్తి కూడా వ్యాసంతో పాటే పెరుగుతుంది.

ఆవర్ధనం లెక్క ఇంకా సులువు. కటకం లేదా దర్పణం నుంచి వెలుగు ఒకచోట కూడే బిందువుకు ఉన్న దూరం నాభ్యంతరం, మనం కన్ను ఆనించి చూసే చిన్న కటకం ఐపీసు. టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీసు నాభ్యంతరంతో భాగించాలి. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న గొట్టంలో 25 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే 48 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు. ఐపీసు మార్చి ఎంత ఆవర్ధనమైనా తెప్పించవచ్చు, కానీ మిల్లీమీటరు అపర్చరుకు 2 రెట్లు దాటితే బింబం పెద్దదై మసకబారుతుందే తప్ప కొత్త వివరమేదీ రాదు. అంటే 60 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు హద్దు 120. దాని పెట్టె మీద ఐదు వందల రెట్లని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటే ఆ పెట్టెను అక్కడే వదిలేయండి. ఎంత మంచి టెలిస్కోపుకైనా వాతావరణం 200, 250 రెట్ల దగ్గర అడ్డుపడే రాత్రులే ఎక్కువ.

నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది నాభి నిష్పత్తి. ఎఫ్/5 అంటే పొట్టి గొట్టం, విశాలమైన దృశ్యం. ఎఫ్/8 అంటే పొడవైన గొట్టం, సాధారణ ఐపీసులతోనే ఎక్కువ ఆవర్ధనం, చిన్నచిన్న అమరిక లోపాలను సహించే గుణం. గ్రహాలకు రెండోది నయం.

4. గొట్టం రకాన్ని ఎంచుకోండి

ముందువైపు కటకం ఉన్న వక్రీభవన టెలిస్కోపుకు నిర్వహణ బాధ దాదాపు లేదు. హైదరాబాదులో నిజామియా వేధశాలను స్థాపించిన నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి తెప్పించిన 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కూడా ఈ జాతిదే. అయితే మామూలు రెండు కటకాల వక్రీభవన టెలిస్కోపులో చంద్రుడి అంచు చుట్టూ, గురుడి చుట్టూ ఊదారంగు వలయం కనిపిస్తుంది. దాన్ని తొలగించే ప్రత్యేక గాజు చాలా ఖరీదు. 70, 80 మిల్లీమీటర్ల వక్రీభవన టెలిస్కోపు బడి పిల్లలకు మంచి ప్రారంభం, దానికి మించిన ఆశ పెట్టుకోకూడదు.

న్యూటన్ 1668లో తయారుచేసిన పరావర్తన టెలిస్కోపులో కటకానికి బదులు పుటాకార దర్పణం ఉంటుంది. ఇందులో రంగుల లోపం ఉండదు, అదే ధరకు చాలా ఎక్కువ అపర్చరు వస్తుంది. ఈ గొట్టాన్ని చెక్క పీట మీద తిరిగేలా అమర్చితే డాబ్సోనియన్ అవుతుంది. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ కాలిఫోర్నియాలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత మఠాల్లో 1944 నుంచి 1967 వరకు సన్యాసిగా ఉన్నాడు. చేతిలో డబ్బులేని మనిషి కాబట్టి పాత ఓడ కిటికీల గాజును అరగదీసి దర్పణాలు, అట్ట గొట్టాలు, ప్లైవుడ్డు పీటలు వాడాడు. పీటకు టెఫ్లాన్ ముక్కలు అమర్చడం వల్ల ఎంత పెద్ద గొట్టమైనా వేలితో నెడితే కదిలి, వదిలిన చోట ఆగుతుంది. ఇప్పుడు కర్మాగారాల్లో తయారవుతున్నవాటిలోనూ ఆ సూత్రమే ఉంది.

కటకమూ దర్పణమూ కలిసిన మాక్సుటోవ్, ష్మిట్ కాసెగ్రేన్ టెలిస్కోపులు పొట్టిగా, దాచుకోవడానికి వీలుగా ఉంటాయి. 90 లేదా 102 మిల్లీమీటర్ల మాక్సుటోవ్ చేతిసంచిలో పట్టేస్తుంది. గ్రహాలకు చాలా మంచిది, విశాల దృశ్యాలకు పనికిరాదు.

ఒక రకాన్ని మాత్రం గట్టిగా వద్దంటాను. నాభ్యంతరం 1000 మిల్లీమీటర్లని రాసి ఉండి, గొట్టం మాత్రం అరమీటరే ఉన్న చవక పరావర్తన టెలిస్కోపులు కొన్ని బజారులో ఉన్నాయి. వాటిలో గోళాకార దర్పణం పెట్టి, ఐపీసును బిగించే ఫోకసరు లోపల ఒక చిన్న దిద్దుబాటు కటకాన్ని ఇరికిస్తారు. ఈ చవకరకంలో బింబం పదునుగా రాదు, దర్పణాల అమరిక సరిచేయడం అనుభవజ్ఞులకే కష్టం. దర్పణం గోళాకారం కాక పారాబోలిక్ (పరావలయాకారం) అవునో కాదో దుకాణదారును సూటిగా అడగండి.

5. మౌంటు విషయంలో మన అక్షాంశాన్ని మరిచిపోకండి

అనుభవం లేనివారు గొట్టాన్ని చూసి కొంటారు, తరువాత ఇబ్బందిపడేది మాత్రం మౌంటుతో, అంటే గొట్టాన్ని నిలబెట్టి తిప్పే స్టాండుతో. 120 రెట్ల ఆవర్ధనంలో మామూలు ఐపీసు ద్వారా కనిపించే ఆకాశం అర డిగ్రీ కంటే తక్కువ. భూమి తిరుగుతున్నందున గ్రహం ఆ వృత్తాన్ని రెండు నిమిషాల లోపే దాటిపోతుంది. గ్రహాన్ని వెంబడిస్తూ గొట్టాన్ని కొద్దికొద్దిగా కదుపుతూ ఉండాలి. కదిపిన ప్రతిసారీ బింబం వణికితే చూసేదేమీ ఉండదు. దుకాణంలో గానీ స్నేహితుల దగ్గర గానీ అవకాశం దొరికితే దూరపు వస్తువుకు గురిపెట్టి గొట్టం మీద వేలితో తట్టి చూడండి. వణుకు రెండు సెకన్లలో ఆగితే మౌంటు మంచిది, ఐదు సెకన్లయినా ఆగకపోతే వద్దు. సన్నని అల్యూమినియం కాళ్ల మీద పొడవైన గొట్టం పెట్టి అమ్మే సెట్లు ఎక్కువగా ఈ పరీక్షలోనే ఓడిపోతాయి.

ఈక్వటోరియల్ మౌంటు ఒక్క మీట తిప్పితే నక్షత్రాన్ని వెంబడిస్తుంది కాబట్టి శాస్త్రీయంగా కనిపిస్తుంది, ఆ ఆకర్షణతోనే చాలామంది దాన్ని కొంటారు. అది తిరిగే ప్రధాన ఇరుసును, అంటే ధ్రువాక్షాన్ని, ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. అంటే హైదరాబాదులో నేలకు 17 డిగ్రీల కోణంలో, దాదాపు పడుకోబెట్టినట్టుగా ఉంచాలి. చవక మౌంటుల్లో కొన్ని అంత కిందికి వంగవు. వంగినా, ఎదురుబరువు కడ్డీ కిందికి దిగినప్పుడు దాదాపు నిట్టనిలువుగా వేలాడి స్టాండు కాలికి తగులుతుంది. నలభై, యాభై డిగ్రీల అక్షాంశంలో ఉన్నవారికి ఈ చిక్కు లేదు, అందుకే వారు రాసిన సమీక్షల్లో దీని ప్రస్తావన కనిపించదు. పైగా 17 డిగ్రీల ఎత్తున ఉన్న ధ్రువ నక్షత్రం పట్టణాల్లో ఏదో ఒక భవనం వెనుక ఉంటుంది. ఈక్వటోరియలే కావాలనుకుంటే కొనేముందు దాన్ని 15 డిగ్రీలకు వంచి, ఎదురుబరువులతో సహా పూర్తిగా తిప్పి చూపించమనండి.

డాబ్సోనియన్‌కు కూడా మన ఆకాశంలో ఒక ఇబ్బంది ఉంది. నడినెత్తిన ఉన్న వస్తువును వెంబడించాలంటే గొట్టం నిటారుగా ఉంటుంది కాబట్టి పక్కలకు తిప్పడానికి పట్టు దొరకదు. గురుడు నడినెత్తికి వచ్చే రోజుల్లో ఇది తరచుగా ఎదురవుతుంది. అరగంట ఆగితే ఆకాశం ఏడు డిగ్రీలకు పైగా జరుగుతుంది, ఇబ్బంది తొలగుతుంది. ట్రైపాడ్ మీది పొడవైన వక్రీభవన గొట్టాలకైతే ఆ ఎత్తులో వెనుక కొస స్టాండు కాళ్లకు కొట్టుకుంటుంది, ఆగితే తీరే సమస్య కూడా కాదు.

మోటారుతో తానే వస్తువును వెతికే గోటూ మౌంటులు సౌకర్యమే, కానీ అదే డబ్బుకు అపర్చరు బాగా తగ్గుతుంది. ఐపీసే లేకుండా ఫోనులో బొమ్మ చూపించే స్మార్ట్ టెలిస్కోపులు నగరపు వెలుగులోనూ నెబ్యులాలను పట్టి చూపిస్తాయి. అయితే వాటిలో కంటితో చూడడం ఉండదు, గ్రహాలు కూడా చిన్నవిగానే కనిపిస్తాయి.

6. ఇంతవరకు వచ్చిన జవాబులను బట్టి ఒకటి నిర్ణయించుకోండి

డాబా ఉండి, ఒకటి రెండు అంతస్తుల మెట్లెక్కగలిగినవారికి నా ఎంపిక 6 అంగుళాల ఎఫ్/8 డాబ్సోనియన్. 150 మిల్లీమీటర్ల అపర్చరు, 1200 నాభ్యంతరం, మామూలు ఐపీసులతో సరిపోయే గుణం, 8 అంగుళాలదానికంటే తక్కువ బరువు, అన్నీ ఒకచోట కుదిరిన పరికరమది. కారుండి, చీకటి ఊళ్లకు వెళ్లే అలవాటున్నవారు 8 అంగుళాలదానికి వెళ్లవచ్చు, వెలుగు దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మధ్య పెరుగుతుంది. మెట్లు కష్టమైనవారికి బల్ల మీద పెట్టుకునే 130 మిల్లీమీటర్ల చిన్న డాబ్సోనియన్, బాల్కనీ మాత్రమే ఉన్నవారికి మాక్సుటోవ్ తగినవి.

బడ్జెట్టు మొత్తాన్ని గొట్టానికే ఖర్చు చేయవద్దు, కొంత ఐపీసుకు మిగుల్చుకోవాలి. 1200 నాభ్యంతరానికి 32 మిల్లీమీటర్ల ప్లాజల్ రకం ఐపీసు 37 రెట్లతో ఒకటింబావు డిగ్రీకి పైగా ఆకాశాన్ని చూపిస్తుంది. గ్రహాలకు 6 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఒకటి ఉంటే 200 రెట్లు వస్తాయి. పెట్టెతో వచ్చే 25, 10 మిల్లీమీటర్లవాటితో ఒక ఋతువు గడిపాకే కొత్తవి కొనండి. ఫోకసరు ఒకటింబావు అంగుళం ఐపీసులను తీసుకునేదై ఉండాలి. అంతకంటే సన్ననిదైతే మంచి ఐపీసులు దానికి దొరకవు.

7. సెకండ్ హ్యాండ్ అయితే దర్పణాన్ని టార్చితో చూడండి

టార్చి వెలుగు ఏటవాలుగా వేస్తే దర్పణం మీద దుమ్ము భయంకరంగా కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోనక్కరలేదు. చూడవలసింది సాలెగూడు పోగుల్లాగా ఒక బిందువు నుంచి చుట్టూ పాకిన సన్నని గీతల కోసం. అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో మూసిన పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న పరికరాల్లో ఇది సాధారణం. గాజు మీది పూతను తినేసిన బూజు తుడిస్తే పోదు.

8. మొదటి రాత్రులు

పగటి వేళ, సూర్యుడు లేని దిక్కున దూరంగా ఉన్న సెల్ టవరు కొసకు గొట్టాన్ని గురిపెట్టి, గురి చూసేందుకు గొట్టానికి అమర్చే ఫైండరు కూడా అదే కొసను చూపించేలా మరలు సరిచేయండి. సరిగా అమర్చని ఫైండరుతో చంద్రుణ్ణి పట్టుకోవడం కూడా కష్టమే. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పే సౌర ఫిల్టరు తప్పనిసరి, ఫైండరుకు మూత పెట్టాలి. ఐపీసుకు బిగించే చిన్న నల్ల గాజు ఫిల్టరు సెట్టుతో పాటు వస్తే దాన్ని పగలగొట్టి పారేయండి. వేడికి అది పగిలిన క్షణంలో కన్ను పోతుంది.

ఏసీ గదిలోంచి తెచ్చిన టెలిస్కోపు బయటి గాలి ఉష్ణోగ్రతకు రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. మన డాబాలకు ఇంకో గుణం ఉంది. రోజంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి పొద్దుపోయే దాకా వేడి వదులుతుంది, ఆ గాలి కదలికకు గురుడి అంచు నీళ్లలో ప్రతిబింబంలా ఆడుతుంది. వేసవిలో సాయంత్రం ఏడింటికి చూసి టెలిస్కోపు బాగాలేదని తీర్మానించకండి. పదకొండు దాటాక మళ్లీ చూడండి, వీలైతే మట్టి నేల మీద పెట్టండి.

దర్పణాల అమరిక సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక నక్షత్రాన్ని 150 రెట్ల ప్రాంతంలో దృశ్యం మధ్యకు తెచ్చి, ఫోకసును కొద్దిగా తప్పించాలి. అప్పుడు కనిపించే వలయాలు ఏకకేంద్రంగా ఉంటే అమరిక సరి, ఒక పక్కకు ఒరిగితే దర్పణం మరలు తిప్పాలి. కదలదు కాబట్టి ధ్రువ నక్షత్రాన్ని వాడమని విదేశీ పుస్తకాలు చెబుతాయి. 17 డిగ్రీల ఎత్తున అది మనకు మినుకుమినుకుమంటూ వలయాలను చూడనివ్వదు. కాస్త కదుపుతూ ఉండవలసి వచ్చినా, ఎత్తుగా ఉన్న నక్షత్రాన్నే తీసుకోండి. అమరిక కుదిరాక పెళ్లిలో చూపించే వశిష్ఠ అరుంధతుల మీదికి వెళ్లండి. మార్చి నుంచి జూలై వరకు సాయంత్రపు ఆకాశంలో ఉంటాయి. 50 రెట్లకు వశిష్ఠుడే రెండు నక్షత్రాలుగా విడిపోవాలి, విడిపోకపోతే దోషం ఫోకసులోనో అమరికలోనో ఉంది.

చూడడం ముగిశాక మంచు పట్టిన దర్పణానికి వెంటనే మూత పెట్టకూడదు. ఫ్యాను ఉన్న గదిలో తడి ఆరే వరకు గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి, ఆ తరువాతే మూయాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల వల్ల ఎలాగూ పెద్దగా పని ఉండదు. ఆ నెలల్లో ఐపీసులను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచి, పొట్లాలను అప్పుడప్పుడు ఎండబెట్టాలి. గొట్టాన్ని వారానికోసారి పొడి గాలి తగిలే చోట తెరిచి పెట్టాలి. దర్పణాన్ని గుడ్డతో మాత్రం ఎన్నడూ తుడవకూడదు.